పదకొండో తూటా దగ్గర చట్టం

మ్యాగజైన్ అనే మాట వినగానే మన పాఠకులకు గుర్తొచ్చేది వారం వారం చదివే పత్రిక. అమెరికాలో ఆ మాటకు మరో అర్థం కూడా వాడుకలో ఉంది. తుపాకీకి బిగించే తూటాల పెట్టెను అక్కడ మ్యాగజైన్ అంటారు. దాని అడుగున ఒక స్ప్రింగు ఉంటుంది. ఒక తూటా పేలగానే ఆ స్ప్రింగు తరువాతి తూటాను పైకి నెడుతుంది. పెట్టె ఖాళీ అయితే దాన్ని తీసేసి నిండుగా ఉన్న ఇంకొకటి బిగించాలి. ఇంతకు మించి అందులో పెద్ద యంత్రమేమీ లేదు.

అరచేతిలో ఇమిడే ఈ పెట్టెలో ఎన్ని తూటాలు పట్టవచ్చు? ఈ ఒక్క ప్రశ్న మీద అమెరికా న్యాయస్థానాలలో ఏళ్ల తరబడి వ్యాజ్యాలు నడుస్తున్నాయి. కాలిఫోర్నియాలో పది తూటాల పెట్టెను కొనవచ్చు. పదకొండు పట్టేదాన్ని అమ్మితే, రాష్ట్రంలోకి తెస్తే నేరం. సరిహద్దు దాటి ఆరిజోనాలో అడుగుపెడితే అలాంటి పరిమితే లేదు.

ఇది మన సంఘాలకెందుకు అని కొందరు అడగవచ్చు. అమెరికాలో ప్రార్థనా మందిరాల మీద దాడులు జరిగిన తరువాత చాలా సంఘాలు ఆదివారం ఆరాధన వేళ తలుపు దగ్గర కొందరు సహోదరులను కాపలా ఉంచుతున్నాయి. వారిలో కొందరి వద్ద సొంత తుపాకీ ఉంటుంది. అక్కడ నివసించే మన తెలుగు కుటుంబాలు ఉద్యోగాల కోసం టెక్సస్ నుంచి కాలిఫోర్నియాకు, జార్జియా నుంచి న్యూజెర్సీకి మారుతూ ఉంటాయి. మంచి మనసుతో చట్టానికి లోబడి బ్రతకాలనుకునేవారే ఈ చిక్కులో ఎక్కువగా పడుతున్నారు. నేరం చేయదలచినవాడు చట్టం చదవడు. చదివి పాటించాలనుకునేవారికే అది ఈ నెల ఒకలా, వచ్చే నెల ఇంకోలా కనిపిస్తోంది. అందుకే ఈ విషయాన్ని మొదటి నుంచి వివరించాలని అనుకున్నాము.

హక్కుగా మొదలైన చిక్కు

మన దేశంలో తుపాకీ అంటే లైసెన్సు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం ప్రభుత్వం అనుమతిస్తేనే అది ఇంట్లో ఉంటుంది. 2019లో వచ్చిన సవరణ తరువాత సాధారణంగా ఒక వ్యక్తి వద్ద రెండు తుపాకులకు మించి ఉండకూడదు. ఎన్నికల కోడ్ వచ్చిందంటే లైసెన్సు ఉన్నవారు కూడా పోలీసు స్టేషనుకు వెళ్లి వాటిని అప్పగించి రావడం మన జిల్లాల్లో మామూలు విషయం.

అమెరికాలో అలా కాదు. 1791లో ఆ దేశ రాజ్యాంగానికి చేర్చిన రెండవ సవరణ ఆయుధం కలిగి ఉండడాన్ని ప్రజల హక్కుగా చెబుతోంది. అది ఒక్కొక్క వ్యక్తికీ ఉన్న హక్కేనని సుప్రీంకోర్టు 2008లో తేల్చింది. లైసెన్సు అయితే ప్రభుత్వం ఇవ్వవచ్చు, ఇవ్వకపోవచ్చు. హక్కు అయినప్పుడు దాని మీద పెట్టే ప్రతి పరిమితినీ ప్రభుత్వమే కోర్టులో సమర్థించుకోవాలి. వ్యాజ్యాలన్నిటికీ మూలం ఇక్కడే ఉంది.

పది తూటాల హద్దు కూడా కొత్తది కాదు. 1994లో అమెరికా అంతటికీ వర్తించేలా కేంద్ర ప్రభుత్వమే ఆ హద్దు పెట్టింది. ఆ చట్టానికి పదేళ్ల గడువు ఉంది. 2004 సెప్టెంబరులో గడువు తీరినప్పుడు దాన్ని పొడిగించలేదు. అప్పటి నుంచి ఏ రాష్ట్రం దారి ఆ రాష్ట్రానిది. న్యూయార్క్, మసాచుసెట్స్, కనెక్టికట్ పది తూటాల దగ్గర ఆగాయి. న్యూజెర్సీలో 15గా ఉన్న పరిమితిని 2018లో 10కి తగ్గించారు. కొలరాడోలో 15. ఇల్లినాయిలో పొడవు తుపాకులకు 10, చేతి తుపాకులకు 15. టెక్సస్, జార్జియాలలో పరిమితే లేదు. ఒకే పెట్టె ఒక రాష్ట్రంలో మామూలు సరుకు, మరో రాష్ట్రంలో నేరానికి సాక్ష్యం.

కాలిఫోర్నియా కథ

ఈ అనిశ్చితి ఎలా ఉంటుందో చూడాలంటే కాలిఫోర్నియా కేసును మించిన ఉదాహరణ లేదు. అక్కడ 2000 జనవరి 1 నుంచి పదికి మించి పట్టే మ్యాగజైన్ల తయారీ, అమ్మకం, దిగుమతి నిషేధం. అప్పటికే ఇంట్లో ఉన్నవాటిని మాత్రం ఉంచుకోనిచ్చారు. 2016 నవంబరులో ప్రజలు ప్రతిపాదన 63 అనే చట్టాన్ని ఓటు వేసి ఆమోదించారు. దాని ప్రకారం ఆ పాతవి కూడా ఇంట్లో ఉండకూడదు. 2017 జూలై 1 లోగా వాటిని రాష్ట్రం దాటించాలి, లేదా లైసెన్సు ఉన్న వ్యాపారికి అమ్మాలి, లేదా పోలీసులకు అప్పగించాలి. లేకపోతే ఒక్కో పెట్టెకు వంద డాలర్ల దాకా జరిమానా, నేరం తీవ్రంగా నమోదైతే ఏడాది దాకా జైలు.

గడువుకు రెండు రోజుల ముందు, జూన్ 29న, శాన్ డియెగోలోని ఫెడరల్ న్యాయమూర్తి రోజర్ బెనిటెజ్ ఆ నిబంధన అమలును ఆపేశారు. 2019 మార్చి 29న ఆయన ఇంకా ముందుకు వెళ్లి చట్టం మొత్తం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు ఇచ్చారు. ఆ శుక్రవారం నుంచి ఇరవై ఏళ్ల నిషేధం ఒక్కసారిగా లేకుండా పోయింది. జనం దుకాణాలకు పరుగులు తీశారు. రాష్ట్ర ప్రభుత్వం స్టే కోరింది. ఏప్రిల్ 5 సాయంత్రం 5 గంటల నుంచి ఆ తీర్పు అమలు కాకుండా ఆ న్యాయమూర్తే స్టే ఇచ్చారు. అయితే మధ్యలో కొన్నవారిని నేరస్థులుగా చూడకూడదని కూడా అందులో రాశారు.

దీని అర్థమేమిటో ఒకసారి ఆలోచించండి. శుక్రవారం నాలుగున్నరకు డబ్బు కట్టిన మనిషి చట్టాన్ని పాటించిన పౌరుడు. అదే దుకాణంలో, అదే వరుసలో, అదే వస్తువుకు ఐదున్నరకు డబ్బు కట్టిన మనిషి చట్టాన్ని ఉల్లంఘించినవాడు. ఇద్దరి చేతిలోని పెట్టెలకూ తేడా లేదు. తేడా అంతా రసీదు మీద ఉన్న గంటలోనే ఉంది.

తరువాత ఆ కేసు మెట్లు ఎక్కుతూ దిగుతూ వచ్చింది. 2020 ఆగస్టులో అప్పీలు కోర్టులో ముగ్గురు న్యాయమూర్తులు 2-1 తేడాతో బెనిటెజ్ తీర్పును సమర్థించారు. 2021 నవంబరులో అదే అప్పీలు కోర్టు విస్తృత ధర్మాసనం 7-4 తేడాతో దాన్ని తిప్పికొట్టింది. 2022 జూన్‌లో సుప్రీంకోర్టు మరో కేసులో కొత్త సూత్రం చెప్పి, ఈ కేసును తిరిగి చూడమని కిందికి పంపింది. 2023 సెప్టెంబరులో బెనిటెజ్ మళ్లీ చట్టాన్ని కొట్టివేశారు. ఈసారి దుకాణాలు తెరుచుకునే అవకాశం రాలేదు. అప్పీలు కోర్టు వెంటనే స్టే ఇచ్చింది. 2025 మార్చి 20న విస్తృత ధర్మాసనం మళ్లీ 7-4 తేడాతో చట్టం చెల్లుతుందని తీర్పు చెప్పింది. తుపాకీ యజమానుల పక్షం మళ్లీ సుప్రీంకోర్టు తలుపు తట్టింది.

మన ఊళ్లలో పొలం తగాదాలు చూసినవారికి స్టే అంటే ఏమిటో వివరించనక్కరలేదు. కింది కోర్టులో గెలిచి ఊరంతా స్వీట్లు పంచినవాడు, పై కోర్టు స్టే ఇచ్చిందని తెలియక పొలంలోకి నాగలి దింపితే ఏమవుతుందో అందరికీ తెలుసు. తీర్పు రావడం వేరు, ఆ తీర్పు అమలులో ఉండడం వేరు. ఈ విషయంలో ఎక్కువమంది తప్పటడుగు వేసేది సరిగ్గా ఇక్కడే. వాట్సాప్‌లో "నిషేధం కొట్టేశారు" అన్న వార్త వస్తుంది. దాని వెనుకే వచ్చిన స్టే సంగతి ఎవరూ పంపరు.

మన తెలుగువారు ఎక్కువగా ఉండే సియాటెల్ ప్రాంతం ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలో ఇది ఇంకా వేగంగా జరిగింది. అక్కడ 2022 జూలై 1 నుంచి పదికి మించి పట్టే మ్యాగజైన్ల అమ్మకం నిషేధం. 2024 ఏప్రిల్ 8న ఒక కౌంటీ న్యాయమూర్తి ఆ చట్టాన్ని కొట్టివేశారు. రెండు గంటలైనా గడవకముందే రాష్ట్ర సుప్రీంకోర్టు నుంచి స్టే వచ్చింది. 2025 మే 8న ఆ కోర్టే 7-2 తేడాతో చట్టాన్ని సమర్థించింది.

న్యాయమూర్తులు ఎందుకు ఏకీభవించలేకపోతున్నారు?

న్యాయమూర్తులంతా చదివేది ఒకే రాజ్యాంగం. అయినా ఒకరు చెల్లదంటే ఒకరు చెల్లుతుందంటున్నారు. 2022లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దీనికి ఒక ముఖ్య కారణం. అంతకు ముందు కింది కోర్టులు ఒక తూకం వేసేవి. ఒక తట్టలో హక్కు, మరో తట్టలో ప్రజల భద్రత. ఆ తూకం ఇక వద్దని సుప్రీంకోర్టు చెప్పింది. ఒక పరిమితి నిలవాలంటే అలాంటి పరిమితులు ఆ దేశ చరిత్రలో ముందే ఉన్నాయని ప్రభుత్వం చూపించాలి.

1791లో తుపాకీలో ఒక తూటా వేసి, మందు దట్టించి, పేల్చి, మళ్లీ మొదలుపెట్టాలి. ఇప్పటి మ్యాగజైన్ లాంటిది మామూలు ఇళ్లలో లేదు. లేనిదాని మీద పాత చట్టం ఎక్కడ దొరుకుతుంది? అందుకని న్యాయవాదులు పాత గ్రంథాలు తిరగేస్తున్నారు. ఇంట్లో ఎంత తుపాకీ మందు నిల్వ చేయవచ్చో చెప్పిన నిబంధనలు, పెద్ద కత్తుల మీద పందొమ్మిదవ శతాబ్దంలో వచ్చిన ఆంక్షలు, తలుపుకు కట్టి ఉచ్చుగా పెట్టే తుపాకుల నిషేధాలు కోర్టుల ముందుకు వచ్చాయి. 2024లో సుప్రీంకోర్టు మరో కేసులో కొంత వివరణ ఇచ్చింది. అచ్చంగా అలాంటి పాత చట్టమే ఉండనక్కరలేదు, వాటి వెనుక ఉన్న సూత్రం కుదిరితే చాలునంది. కానీ ఏది కుదిరినట్టో ఏది కుదరనట్టో చెప్పే చోట మళ్లీ అభిప్రాయాలు రెండుగా చీలుతున్నాయి.

ఇంకో మౌలిక ప్రశ్న కూడా ఉంది. మ్యాగజైన్ ఆయుధమా, ఆయుధానికి తగిలించే అదనపు వస్తువా? ఆయుధమైతే దానికి రాజ్యాంగ రక్షణ ఉంటుంది. 2025లో కాలిఫోర్నియా చట్టాన్ని సమర్థించిన న్యాయమూర్తులు పెద్ద మ్యాగజైన్ ఆ రక్షణ కిందికి రాదన్నారు. వచ్చినా కూడా, ప్రత్యేకంగా ప్రమాదకరమైన వాడకాన్ని అదుపు చేసే పాత సంప్రదాయంలో ఈ చట్టం ఇముడుతుందన్నారు. విభేదించినవారు అది లేకుండా తుపాకీ పనిచేసే తీరే మారిపోతుందని, కోట్ల మంది ఇళ్లలో ఉన్న మామూలు వస్తువని వాదించారు.

సుప్రీంకోర్టు సూటిగా ఒక మాట చెప్పేస్తే పోయేది కదా అనిపిస్తుంది. రోడ్ ఐలండ్ రాష్ట్రపు మ్యాగజైన్ నిషేధం మీద వచ్చిన అభ్యర్థనను 2025 జూన్ 2న ఆ కోర్టు విచారణకు తీసుకోలేదు. ముగ్గురు న్యాయమూర్తులు విని ఉండాల్సిందన్నారు. విచారణకు కనీసం నలుగురు ఒప్పుకోవాలి. కేసు తీసుకోకపోవడం అంటే నిషేధం సరైనదని చెప్పడం కాదు, తప్పని చెప్పడమూ కాదు. ప్రశ్న తెరిచే ఉందని మాత్రమే దాని అర్థం.

రెండు వైపుల బాధ

ఈ వివాదం కేవలం అంకెల గురించి అయితే ఇంత పట్టుదల ఉండేది కాదు. 2011 జనవరి 8న ఆరిజోనాలోని టూసాన్ నగరంలో ఒక కిరాణా దుకాణం ముందు ఒకడు 33 తూటాల మ్యాగజైన్‌తో కాల్పులు జరిపాడు. ఆరుగురు చనిపోయారు. వారిలో తొమ్మిదేళ్ల పాప ఒకతి. మ్యాగజైన్ మార్చబోతుండగా అక్కడున్నవారు అతణ్ణి పట్టుకున్నారు. ఒక మహిళ కొత్త మ్యాగజైన్‌ను అతని చేతికి అందకుండా లాక్కుంది. పెట్టె చిన్నదైతే ఆ విరామం ఇంకా ముందే వచ్చేది కదా, ఆ కొన్ని క్షణాల్లో ఎందరో తప్పించుకునేవారు కదా అన్నది పరిమితి కోరేవారి మాట. ఆ మాట వెనుక సమాధులున్నాయి.

మరోవైపు వారిదీ కొట్టిపారేయదగ్గ మాట కాదు. దుకాణంలో దొరికే చాలా పిస్టళ్లు 15, 17 తూటాల మ్యాగజైన్‌తోనే వస్తాయి. అర్ధరాత్రి ఇంట్లోకి ఎవరో చొరబడితే, భయంతో వణికే చేతులతో పెట్టె మార్చగలమా అని వారు అడుగుతారు. చట్టాన్ని లెక్కచేయని దుండగుడి వద్ద పెద్ద పెట్టె ఉంటుంది, పాటించే మన దగ్గరే చిన్నది ఉంటుంది అంటారు. 2017 నవంబరు 5న టెక్సస్‌లోని సదర్లాండ్ స్ప్రింగ్స్ బాప్టిస్టు మందిరంలో ఆరాధన జరుగుతుండగా 26 ప్రాణాలు పోయాయి. చంపినవాడు వాడిందీ, అతన్ని ఎదురు కాల్పులతో తరిమిన పొరుగువాడు వాడిందీ ఒకే రకం రైఫిల్. ఒకే సంఘటనను ఇరు పక్షాలూ తమకు సాక్ష్యంగా చూపుతున్నాయి.

మందిరాల కాపలా గురించి ఆలోచించే పెద్దలు మరో రెండు సంఘటనలను కూడా గుర్తుంచుకోవాలి. 2019 డిసెంబరు 29న టెక్సస్‌లోని వైట్ సెటిల్‌మెంట్ సంఘంలో ఒకడు ఇద్దరిని కాల్చి చంపాడు. సంఘపు కాపలా బృందంలోని వ్యక్తి ఆరు సెకన్లలో అతన్ని ఆపాడు. ఒక్క తూటాతో. 2022 మే 15న కాలిఫోర్నియాలోని లగూనా వుడ్స్‌లో తైవాన్ నుంచి వలస వచ్చినవారి సంఘం మధ్యాహ్న భోజనానికి కూర్చున్నప్పుడు దాడి జరిగింది. ఒక వైద్యుడు దుండగుడి మీదికి ఉరికి ప్రాణం అర్పించాడు. మిగిలినవారు అతన్ని పట్టుకుని తీగలతో కట్టేశారు. ఐదుగురు గాయపడ్డారు. మొదటి చోట కాపాడింది అభ్యాసం, రెండవ చోట తెగువ. పెట్టెలో ఎన్ని తూటాలు పడతాయన్నది రెండు చోట్లా నిర్ణయించిన అంశం కాదు. దీనివల్ల చట్టం మంచిదనో చెడ్డదనో మేము తేల్చడం లేదు. సంఘ భద్రత అనగానే మాట పెట్టె పరిమాణం మీదికే పోనక్కరలేదని మాత్రం అంటున్నాము.

విశ్వాసి ఏం చేయాలి?

తుపాకీ పట్టవచ్చా అన్న ప్రశ్న మీద మన మధ్యనే ఏకాభిప్రాయం లేదు. గెత్సేమనే తోటలో పేతురు దూసిన కత్తి దగ్గర, అంతకు ముందు మేడగదిలో శిష్యులు చూపిన రెండు కత్తుల దగ్గర క్రైస్తవులు శతాబ్దాలుగా వేర్వేరు అర్థాలు చూస్తూనే ఉన్నారు. ఆ చర్చను ఒక్క వ్యాసంలో తీర్చలేము. కానీ అధికారులకు లోబడి ఉండమన్న పౌలు బోధ విషయంలో మనకు భేదం లేదు. చట్టం స్పష్టంగా ఉన్నప్పుడు అలా ఉండడం తేలిక. చట్టం ఊగిసలాడుతున్నప్పుడు ఎలా ఉండాలన్నదే అసలు పరీక్ష. చట్టం అనిశ్చితంగా ఉండడం అంటే చట్టం లేకపోవడం కాదు. ఈ తేడా మనసులో పెట్టుకుని కొన్ని జాగ్రత్తలు చెబుతున్నాము.

మొదటిది, వీసా. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండడాన్ని కేంద్ర చట్టమే నిషేధిస్తోంది. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. ఉల్లంఘిస్తే పదిహేనేళ్ల దాకా శిక్ష పడవచ్చు. ఇది ఏ రాష్ట్రమన్నదానితో నిమిత్తం లేదు. స్నేహితులతో సరదాగా షూటింగ్ రేంజికి వెళ్లే విద్యార్థులు, యువ ఉద్యోగులు ముందుగా ఈ సంగతి తెలుసుకోవాలి. ఇలాంటివారిని సంఘ కాపలాకు ఆయుధంతో నిలబెట్టడం పెద్దలు చేయకూడని పని.

రెండవది, ఇల్లు మారడం. టెక్సస్‌లో చట్టబద్ధంగా కొన్న 17 తూటాల మ్యాగజైన్ సామాను పెట్టెలో కాలిఫోర్నియాకు చేరితే, దాన్ని రాష్ట్రంలోకి తెచ్చిన నేరం అవుతుంది. తెలియక తెచ్చామన్న మాటను నమ్ముకుని బయలుదేరకూడదు. లారీ ఎక్కించక ముందే కొత్త రాష్ట్రపు నియమం చూసుకోవాలి. అమ్మడమో, అక్కడే ఉంటున్న అర్హులైన బంధువులకు ఇవ్వడమో ముందే జరగాలి. పదికి మించి పట్టకుండా శాశ్వతంగా మార్పించిన పెట్టెలను కాలిఫోర్నియా ఒప్పుకుంటుంది. లోపల చెక్కముక్క పెట్టడం శాశ్వత మార్పు కాదు.

మూడవది, రసీదు. 2019లో ఆ వారం రోజుల్లో కొన్నవారు తేదీ, సమయం ఉన్న కాగితాన్ని జాగ్రత్త చేసుకోవాలి. వాటిని ఉంచుకోవడం, మరొకరికి ఇవ్వడం ఒకటి కాదు. కేసు ఏ దశలో ఉందో, ఆ దశలో ఏ ఉత్తర్వు అమలులో ఉందో చెప్పగలిగింది ఆ రాష్ట్రంలో ఈ చట్టం చూసే న్యాయవాది మాత్రమే. దుకాణదారుడి మాట, యూట్యూబ్ వీడియో, తోటి విశ్వాసి ధైర్యం కోర్టులో నిలవవు.

నాలుగవది, పౌరసత్వం. దరఖాస్తు ఫారంలో మీ మీద ఎప్పుడైనా కేసు నమోదైందా, అరెస్టయ్యారా అని అడుగుతారు. వంద డాలర్ల జరిమానాతో ముగిసిన కేసునైనా దాచకూడదు. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఆయుధ నేరంలో శిక్ష పడితే దేశంలో ఉండే హక్కుకే ముప్పు రావచ్చు. అందుకే నేరం ఒప్పుకుని బయటపడదామని ఎవరైనా సలహా ఇస్తే, సంతకం పెట్టక ముందు వలస చట్టం తెలిసిన న్యాయవాదిని కలవాలి.

ఐదవది, సంఘం. కాపలా ఎవరు చేస్తున్నారు, వారి వద్ద ఏముంది, దానికి అనుమతి ఉందా, సంఘపు బీమా దానికి వర్తిస్తుందా అన్నవి పెద్దలకు తెలిసి ఉండాలి. తెలియదన్నది రక్షణ కాదు. ఒక ఆదివారం ఆరాధన తరువాత గంటసేపు ఒక న్యాయవాదిని పిలిపించి అందరికీ చెప్పిస్తే, ఎన్నో కుటుంబాలు ఇబ్బంది నుంచి తప్పించుకుంటాయి.

చివరిగా ఒక మాట. చట్టం ఇలా ఏళ్ల తరబడి ఊగడం కూడా ఒక రకమైన అన్యాయమే. పరిమితి కోరినవారికి భద్రత దొరకలేదు, హక్కు కోరినవారికి నిశ్చింత దొరకలేదు. మధ్యలో ఉన్న సామాన్యుడు తన అలమారాలోని వస్తువు ఇవాళ నేరమా కాదా అని వార్తలు చూసుకోవలసి వస్తోంది. న్యాయం చెప్పే స్థానాల్లో ఉన్నవారు స్పష్టంగా చెప్పాలని మనం ప్రార్థించవచ్చు, అడగవచ్చు, ఓటు ఉన్నవారు ఓటుతోనూ చెప్పవచ్చు. ఆ స్పష్టత వచ్చేదాకా, అమలులో ఉన్న ఉత్తర్వు ఏదో తెలుసుకుని దాని లోపలే నడవడం మన వంతు. ఈ వారం అలమారా తెరిచి చూడవలసినవారు మనలో ఉంటే, ఆ పని వచ్చే ఆదివారం దాకా వాయిదా వేయవద్దని మా మనవి.